ఎవరు పుట్టించారో చెప్పేదాకా జైల్లోనే

మంత్రిగారి అణు ట్వీటు

2016 డిసెంబరులో ఏడబ్ల్యూడీ న్యూస్ అనే అనామక వెబ్‌సైట్ ఒక కథనం వేసింది. పాకిస్తాన్ గనక సిరియాకు సైన్యాన్ని పంపితే అణుబాంబుతో ఆ దేశాన్ని తుడిచిపెట్టేస్తామని ఇజ్రాయెల్ రక్షణ మంత్రి మోషే యాలోన్ హెచ్చరించారన్నది దాని సారాంశం. యాలోన్ ఆ మాట అననే లేదు. అసలాయన అప్పటికి మంత్రే కాదు, ఆ ఏడాది మే నెలలోనే రాజీనామా చేసి వెళ్లిపోయారు. పాకిస్తాన్ రక్షణ మంత్రి ఖ్వాజా ఆసిఫ్ ఇవేవీ చూసుకోలేదు. తమదీ అణ్వస్త్ర దేశమేనన్న సంగతి ఇజ్రాయెల్ మరిచిపోతోందని ట్విట్టర్లో హుంకరించారు. ఆ వార్త పచ్చి కల్పితమని ఇజ్రాయెల్ రక్షణ శాఖ అదే ట్విట్టర్లో జవాబిచ్చింది. పేచీ అక్కడితో తెమిలిపోయింది కాబట్టి సరిపోయింది.

అదే పాకిస్తాన్ 2025 జనవరిలో తన సైబర్ నేరాల చట్టాన్ని సవరించింది. తప్పని తెలిసీ జనాన్ని బెంబేలెత్తించే వార్త పెడితే మూడేళ్ల దాకా జైలు, 20 లక్షల రూపాయల దాకా జరిమానా. ఆ సవరణ వచ్చేనాటికి రక్షణ మంత్రి ఎవరనుకున్నారు? ఖ్వాజా ఆసిఫే.

విమానమెక్కిన ఆవులు

2017 మే నెలలో ఒక రాత్రి ఖతార్ ప్రభుత్వ వార్తాసంస్థ వెబ్‌సైట్లోకి హ్యాకర్లు చొరబడ్డారు. ఇరాన్‌ను మెచ్చుకుంటూ ఖతార్ అమీర్ ప్రసంగించినట్టు ఒక దొంగ వార్త పెట్టారు. ఖతార్ లబోదిబోమన్నా పొరుగు దేశాల టీవీలు దాన్ని ఆపకుండా వాయించాయి. రెండు వారాలు తిరక్కుండానే, జూన్ 5న, సౌదీ అరేబియా, యూఏఈ, బహ్రెయిన్, ఈజిప్టు ఖతార్‌తో తెగతెంపులు చేసుకున్నాయి. ఖతార్‌కు భూమార్గం ఉన్న ఏకైక సరిహద్దు సౌదీతోనే. అదీ మూతపడింది. పాలకు కటకట వచ్చి ఆ దేశం విమానాల్లో పాడి ఆవుల్ని తెప్పించుకోవాల్సి వచ్చింది. పాత కక్షలు ఎలాగూ ఉన్నాయి. వాటిమీద నిప్పురవ్వ వేసింది మాత్రం ఆ దొంగ ప్రసంగం. సయోధ్య కుదిరేసరికి 2021 జనవరి వచ్చింది.

750 ఏళ్ల నాటి ఫార్వర్డ్ చట్టం

ఇంటర్నెట్‌కే కాదు, అచ్చుయంత్రానికి కూడా ముందే తప్పుడు వార్తల మీద చట్టం ఉందంటే నమ్ముతారా? 1275లో ఇంగ్లండు రాజు మొదటి ఎడ్వర్డ్ కాలంలో చేసిన వెస్ట్‌మినిస్టర్ చట్టంలో ఒక నిబంధన ఉంది. రాజుకీ ప్రజలకీ, లేదా రాజుకీ ఆయన కొలువులోని పెద్దలకీ మధ్య తంపులు పెట్టే అబద్ధాలు ఎవరూ చెప్పకూడదు, ప్రచారం చేయకూడదు. దాన్ని మీరితే శిక్ష ఎన్నేళ్లో చట్టంలో లేదు. ఆ మాట మొదట పుట్టించినవాణ్ణి పట్టుకొచ్చి కోర్టులో నిలబెట్టేదాకా చెప్పినవాడు జైల్లోనే ఉండాలి, అంతే. "నాకెవరో చెప్పారండీ" అంటే కుదరదు. ఆ ఎవరో ఎవరో చూపించాలి. ఈ నిబంధన పుస్తకాల్లోంచి పోయింది 1887లో. అంటే ఆరు వందల ఏళ్లకు పైగా బతికింది.

పోయిందనుకుంటే ఢిల్లీలో మళ్లీ పుట్టింది. 2021 ఫిబ్రవరిలో మన కేంద్ర ప్రభుత్వం తెచ్చిన ఐటీ నిబంధనల్లో నాలుగోదాని రెండో ఉపనిబంధన చదవండి. 50 లక్షలకు మించి వాడకందారులున్న మెసేజింగ్ సంస్థ, కోర్టు గానీ అధికారం ఉన్న ప్రభుత్వాధికారి గానీ ఆదేశిస్తే, ఒక సందేశాన్ని మొట్టమొదట పంపింది ఎవరో చెప్పాలి. దేశ సార్వభౌమత్వం, భద్రత, శాంతిభద్రతలు, లైంగిక నేరాలు వంటి పెద్ద విషయాలకే ఇది వర్తిస్తుంది. అందులో ఒక చమత్కారం ఉంది. ఆ సందేశం విదేశంలో పుట్టి ఉంటే, మన దేశంలో దాన్ని మొదట పంపినవారే దానికి కర్త అని లెక్క. దుబాయ్‌లో ఉన్న బావగారు పంపింది చదవకుండానే ఊళ్లో గ్రూపులో పడేసే అలవాటు ఉన్నవాళ్లకు ఈ ఒక్క వాక్యం చదివి వినిపించాలి.

వాట్సాప్ దీనిమీద 2021 మేలో ఢిల్లీ హైకోర్టుకెక్కింది. పంపినవాడికీ అందుకున్నవాడికీ తప్ప మూడో మనిషికి కనపడకుండా సందేశాలకు తాళం వేసే పద్ధతి మాది, మొదటి మనిషెవరో చెప్పాలంటే అందరి తాళాలూ పగలగొట్టాలి, అంటుంది ఆ సంస్థ. 2024 ఏప్రిల్లో దాని న్యాయవాది ఇంకో అడుగు ముందుకేసి, తాళం తీయాల్సిందేనంటే వాట్సాప్ ఈ దేశం వదిలి వెళ్లిపోతుందని కోర్టులోనే చెప్పేశారు.

కాఫీ మీద కత్తి

1675 డిసెంబరు చివర్లో ఇంగ్లండు రాజు రెండో చార్లెస్ దేశంలోని కాఫీ హౌసులన్నీ మూసేయమని ప్రకటన ఇచ్చాడు. పనీపాటా లేనివాళ్లు అక్కడ చేరి ప్రభుత్వం మీద అబద్ధాలు పుట్టిస్తున్నారన్నది ఆయన ఫిర్యాదు. జనవరి 10 నుంచి మూత అన్నాడు. జనం గగ్గోలు పెట్టారు. గడువుకు రెండు రోజుల ముందే రాజు మాట వెనక్కి తీసుకున్నాడు.

కౌటిల్యుడు ఇంతకంటే గడుసు. అర్థశాస్త్రం మొదటి అధికరణంలోనే ఆయన చెప్పిన కిటుకు ఇది. గూఢచారులు ఇద్దరిద్దరుగా తీర్థాల్లో, సభల్లో, జనం గుమిగూడే చోట్ల వాదులాడుకోవాలి. ఒకడు రాజును తిట్టాలి, ఇంకొకడు వెనకేసుకు రావాలి. చుట్టూ చేరినవాళ్లు ఎవరి పక్షం మాట్లాడుతున్నారో, ఊళ్లో ఏ పుకారు తిరుగుతోందో దాన్నిబట్టి తెలుసుకోవాలి. కాఫీ హౌసు మూసేస్తే ఈ సమాచారం ఎక్కడ దొరుకుతుంది? అదే గ్రంథం శత్రురాజ్యంలో పుకార్లు పుట్టించడం ఎలాగో కూడా నేర్పుతుందన్నది వేరే సంగతి.

బాంబు పడ్డది ఇక్కడ, ఖాళీ అయింది అక్కడ

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. విశాఖ జనం మూటాముల్లే సర్దుకుని లోపలి ఊళ్లకు తరలిపోయారు. దాని వెనకే జపాన్ నౌకాదళం మద్రాసు మీదికి వస్తోందన్న కబురు పాకింది. ప్రభుత్వమే దాన్ని నమ్మి నగరం ఖాళీ చేయమంది. కార్యాలయాలు లోపలి జిల్లాలకు తరలాయి. ఆ నౌకలు రానే లేదు. అప్పుడు అమల్లో ఉన్న భారత రక్షణ నిబంధనల ప్రకారం జనాన్ని భయపెట్టే వార్త వ్యాప్తి చేయడం నేరం. మరి ఆ కబురును నమ్మి లక్షల మందిని రోడ్డెక్కించిన దొరల మీద ఆ నిబంధన ఎందుకు పనిచేస్తుంది?

సునామీ రాలేదు, ప్రభుత్వం చెప్పింది

దీనికి సరిగ్గా జోడీ కథ 2004 డిసెంబరులో జరిగింది. 26న వచ్చిన సునామీలో తీరమంతా శవాల దిబ్బయింది. నాలుగు రోజులకు, 30న, కేంద్ర హోం శాఖ మళ్లీ సునామీ రావచ్చని కోస్తా రాష్ట్రాలకు హెచ్చరిక పంపింది. తమిళనాడు, కేరళ, ఆంధ్ర తీరాల్లో జనం ప్రాణాలరచేత పట్టుకుని పరుగెత్తారు. సహాయ శిబిరాల్లో పనిచేస్తున్నవాళ్లూ సామాన్లొదిలి పారిపోయారు. తీరా విచారిస్తే దానికి ఆధారం అమెరికాలోని ఒక ప్రైవేటు సంస్థ చెప్పిన జోస్యం. అది ఉత్త బూటకమని అప్పటి శాస్త్ర సాంకేతిక మంత్రి కపిల్ సిబల్ అదే రోజు టీవీలో చెప్పాల్సి వచ్చింది. ఒక శాఖ పుట్టించిన పుకారును ఇంకో శాఖ ఖండించిందన్నమాట.

మరుసటి ఏడాదే విపత్తు నిర్వహణ చట్టం వచ్చింది. దాని 54వ సెక్షను ప్రకారం విపత్తు గురించి తప్పుడు హెచ్చరిక ప్రచారం చేసి భయోత్పాతం కలిగిస్తే ఏడాది దాకా జైలు. కోవిడ్ రోజుల్లో వాట్సాప్ పోస్టుల మీద పోలీసులు ఎక్కువగా వాడిన సెక్షన్లలో ఇదొకటి.

చట్టం కంటే గట్టి పని ఇంకొకటి జరిగింది. అది జరిగింది సముద్రమే లేని హైదరాబాద్‌లో. 2007 అక్టోబరులో ప్రగతినగర్ దగ్గరి సముద్ర సమాచార సేవల సంస్థ ఇన్‌కాయిస్ ప్రాంగణంలో సునామీ హెచ్చరిక కేంద్రం మొదలైంది. సముద్రపు అడుగున పెట్టిన పీడన యంత్రాలు, తీరాల్లోని అలల కొలమానాలు, భూకంప కేంద్రాలు పంపే లెక్కలన్నీ అక్కడికి చేరతాయి. హిందూ మహాసముద్రంలో పెద్ద భూకంపం వస్తే పది నిమిషాల అటూ ఇటూగా మొదటి ప్రకటన అక్కడినుంచి వెలువడుతుంది. అడగడానికి ఒక చోటంటూ ఉన్నాక జోస్యాలకు గిరాకీ తగ్గింది. పుకారును ఆపే విషయంలో 54వ సెక్షను కంటే ఈ కేంద్రానికే నేను ఎక్కువ మార్కులు వేస్తాను.

టెలిఫోన్ అమ్మాయిల కోసం రాసిన సెక్షను

1935లో బ్రిటన్ తన పోస్టాఫీసు చట్టాన్ని సవరించింది. ఎక్స్ఛేంజీల్లో ఫోన్లు కలిపే ఆడపిల్లల్ని బూతులు తిట్టేవాళ్లకు శిక్ష వేయడం దాని ఉద్దేశం. ఆ సవరణలోని మాటలే చేతులు మారి మారి, 2003 నాటి బ్రిటన్ కమ్యూనికేషన్ల చట్టం మీదుగా మన ఐటీ చట్టంలో 66ఏ సెక్షనుగా వచ్చి కూర్చున్నాయి. ఎదుటివారికి చిరాకు, అసౌకర్యం కలిగించే సందేశం పంపినా మూడేళ్ల జైలు! 2012లో ముంబై బంద్ గురించి ఫేస్‌బుక్‌లో ఒక మాట రాసినందుకు ఒకమ్మాయినీ, దానికి లైక్ కొట్టినందుకు ఇంకో అమ్మాయినీ పాల్‌ఘర్ పోలీసులు అరెస్టు చేశారు.

2015 మార్చి 24న సుప్రీంకోర్టు ఈ సెక్షన్ను పూర్తిగా కొట్టేసింది. ఆ ధర్మాసనంలో ఉన్నది ఇద్దరే. తీర్పు రాసింది జస్టిస్ రోహింటన్ నారిమన్. పక్కన కూర్చున్నది కృష్ణా జిల్లా మొవ్వ మండలం నుంచి వెళ్లిన మన జస్టిస్ జాస్తి చలమేశ్వర్.

అసలు విశేషం ఆ తర్వాతిది. కోర్టు కొట్టేసినా పోలీసు స్టేషన్లలో 66ఏ చావలేదు. 2021లో పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ కోర్టుకిచ్చిన లెక్క ప్రకారం 11 రాష్ట్రాల జిల్లా కోర్టుల్లో 745 కేసులు ఆ సెక్షను కింద ఇంకా నడుస్తున్నాయి. సుప్రీంకోర్టు నివ్వెరపోయింది. కారణం చాలా చిన్నది. చట్టం పుస్తకంలో సెక్షను యథాతథంగా అచ్చయి ఉంటుంది, కొట్టేశారన్న సంగతి అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఎఫ్‌ఐఆర్ రాసేవారు అడుగుదాకా వెళ్లరు.

సైనికుడి చెవిలో పడితే

66ఏ పోయింది కదా, ఇక పుకారుకు శిక్ష లేదనుకోకండి. పాత శిక్షాస్మృతిలో 505, దాని స్థానంలో 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 353. వీటిలో మొట్టమొదటి మాట సైన్యం గురించే. సైనికుడో నావికుడో వైమానికుడో తిరగబడేలా, విధి మరిచేలా చేయాలని పుకారు పుట్టిస్తే మూడేళ్ల దాకా జైలు. కొత్త సంహిత ఇందులో రెండు ముక్కలు కలిపింది. ఒకటి తప్పుడు సమాచారం, రెండోది ఎలక్ట్రానిక్ మార్గం. ఇదికాక 197వ సెక్షన్లో కొత్తగా ఇంకొకటి చేర్చారు. దేశ సార్వభౌమత్వానికి, సమైక్యతకు, భద్రతకు ముప్పు తెచ్చే అబద్ధపు సమాచారం ప్రచురిస్తే మూడేళ్లు.

353లో చాలామంది చూడని మినహాయింపు ఒకటుంది. నిజమేనని నమ్మడానికి తగిన కారణం ఉండి, చెడు ఉద్దేశం లేకుండా, సద్భావంతో చెప్పినవాడికి అది నేరం కాదు. మంచి మినహాయింపే, కానీ అది అక్కరకొచ్చేది కోర్టులో. అప్పటికి మనిషి అరెస్టై, ఫోను సీజై, బెయిలు కోసం తిరిగి ఉంటాడు.

రెండు సార్లూ అయిదే

2012 ఆగస్టులో అస్సాం అల్లర్ల పేరుతో ఎక్కడెక్కడివో ఫోటోలు తిరిగాయి. బెంగళూరు, పుణె, చెన్నై, హైదరాబాద్ నగరాల్లో ఉన్న ఈశాన్య రాష్ట్రాల వాళ్లమీద దాడులు జరుగుతాయని ఎస్సెమ్మెస్‌లు పాకాయి. వేలమంది స్టేషన్లకు పరుగెత్తారు. బెంగళూరు నుంచి గువాహటికి ప్రత్యేక రైళ్లు వేయాల్సి వచ్చింది. కేంద్రం అప్పుడు చేసిన పని ఏమిటంటే, పదిహేను రోజులపాటు ఒకేసారి అయిదుకు మించి ఎస్సెమ్మెస్‌లు పంపకుండా ఆపడం. తర్వాత దాన్ని 20కి సడలించారు.

ఆరేళ్లకు, 2018 జులైలో, వాట్సాప్ మన దేశం కోసం ఫార్వర్డ్‌కు పరిమితి పెట్టింది. ఎన్ని చాట్‌లకు? అయిదింటికే. మరుసటి జనవరిలో ప్రపంచమంతటికీ అదే లెక్క అయింది. 2020 ఏప్రిల్ నుంచి మరీ ఎక్కువసార్లు చేతులు మారిన సందేశాన్నయితే ఒక్కసారికి ఒక్క చాట్‌కే పంపగలం. ఏ పార్లమెంటూ చేయని ఈ చిన్న ఏర్పాటు ఎన్నో చట్టాల కంటే ఎక్కువ దూరం పనిచేసింది.

గద్వాలలో డప్పు

వాట్సాప్ ఆ పరిమితి పెట్టడానికి కారణమైన వేసవి మనకు బాగా తెలిసిందే. పిల్లల్ని ఎత్తుకుపోయే పార్థీ ముఠా దిగిందని, మెదడు తినేస్తారని, అవయవాలు కోసేస్తారని 2018లో తెలుగు ఊళ్లన్నీ వణికాయి. హైదరాబాద్ పాతబస్తీలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను మూక కొట్టి చంపింది. దేశమంతా తిరిగిన ఒక వీడియోలో బైకు మీద వచ్చిన ఇద్దరు రోడ్డు మీద ఆడుకుంటున్న పిల్లాణ్ణి ఎత్తుకుపోతారు. నిజానికి అది కరాచీలోని రోష్ని హెల్ప్‌లైన్ అనే సంస్థ పిల్లల రక్షణ కోసం తీయించిన ప్రచార చిత్రం. చివర్లో ఆ ఇద్దరూ వెనక్కొచ్చి పిల్లాణ్ణి దింపి, ఒక అట్టముక్క మీద రాసిన హెచ్చరిక చూపిస్తారు. ఎవడో ఆ చివర కత్తిరించేశాడు.

అప్పుడు జోగులాంబ గద్వాల, వనపర్తి జిల్లాల ఎస్పీ రెమా రాజేశ్వరి. అక్కడి పోలీసులు గమనించింది చాలా మామూలు విషయం. మార్చి, ఏప్రిల్ ఎండల్లో నడిగడ్డ పల్లెల్లో జనం ఆరుబయట మంచాలు వేసుకుని పడుకుంటారు. ఆ ఏడు ఆరుబయట మంచాలు లేవు. దీపాలు పెట్టేవేళకే తలుపులు బిగించుకుని ఉక్కలో ఉడికిపోతున్నారు. ఏమిటని అడిగితే ఫోను చూపించారు.

ఆమె సెక్షన్లతో మొదలుపెట్టలేదు. రెండు జిల్లాల్లోని సుమారు 400 పల్లెలకు ఒక్కో పోలీసును అప్పగించారు. ఆ కానిస్టేబుల్ వారం వారం ఊరికి వెళ్లి కూర్చోవాలి, ఇంటింటి మంచీచెడ్డా తెలుసుకోవాలి. ఊరి వాట్సాప్ గ్రూపుల్లో సర్పంచుతోపాటు ఆయనా ఉండాలి. అనుమానం వచ్చిన వీడియోను ముందు ఆయనకు చూపించాలి. పాట వచ్చిన పోలీసులతో ఒక జట్టు కట్టి, డప్పు కొట్టి, జానపద బాణీల్లో పాటలు పాడించారు. ఊరి మధ్య కథలా చెప్పి, ఫలానా వీడియో దొంగదని ఫలానా కారణంగా తెలుస్తుందని వివరించారు. దేశంలో పాతికమందికి పైగా ఇలాంటి పుకార్లకు బలైన ఆ ఏడాది ఆ రెండు జిల్లాల్లో ఒక్క ప్రాణం పోలేదు.

గోప్యంగా మూత

చైనాకు చెందిన 59 యాప్‌లను 2020 జూన్ 29న మూసేసినప్పుడు వాడింది ఐటీ చట్టంలోని 69ఏ సెక్షను. దేశ రక్షణ, సార్వభౌమత్వం, పరదేశాలతో స్నేహం, శాంతిభద్రతలు వంటి కారణాలకే దీన్ని వాడాలి. దీని నిబంధనల్లో 16వది మరీ విచిత్రం. ఫిర్యాదులూ, తీసుకున్న చర్యలూ అన్నీ గోప్యంగా ఉంచాలంటుంది. అంటే మీ ఖాతా ఎందుకు మూతపడిందో మీకే తెలియకపోవచ్చు.

ఆపరేషన్ సిందూర్ రోజుల్లో, అంటే 2025 మేలో, ఈ సెక్షనుకు తీరిక దొరకలేదు. ఎనిమిది వేలకు పైగా ఖాతాలు ఆపమని తమకు ఆదేశాలొచ్చాయని ఎక్స్ సంస్థ చెప్పుకుంది. పద్నాలుగు వందలకు పైగా లింకులు మూయించామని ప్రభుత్వం పార్లమెంటుకు తెలిపింది. ఏటీఎంలు రెండు మూడు రోజులు మూసేస్తారట, డబ్బు తీసేసుకోండి అన్న మెసేజీ మీ ఫోనుకూ వచ్చే ఉంటుంది. అది అబద్ధమని ప్రభుత్వ పీఐబీ ఫ్యాక్ట్ చెక్ విభాగం చెప్పింది. యుద్ధ దృశ్యాలంటూ తిరిగిన వీడియోల్లో కొన్ని ఆర్మా 3 అనే వీడియో గేములోవి. ఆ గేము తయారుచేసే చెక్ దేశపు కంపెనీకి ఇది కొత్త కాదు. ఉక్రెయిన్ యుద్ధం మొదలైన ఏడాదిలోనే, తమ గేము బొమ్మను అసలు యుద్ధంనుంచి ఎలా వేరుపట్టాలో చెబుతూ ఒక ప్రకటన ఇచ్చుకుంది.

అన్నట్టు, దేశభద్రతకు ప్రతిసారీ అబద్ధమే ముప్పు కానక్కర్లేదు. ముంబై దాడులప్పుడు కమాండోలు ఎక్కడ దిగుతున్నారో టీవీలు ఉన్నదున్నట్టు చూపించాయి. దాడిని నడిపిస్తున్నవాళ్లు సరిహద్దు అవతల కూర్చుని అదే చూశారు. అందుకే ఉగ్రవాద వ్యతిరేక చర్యల ప్రత్యక్ష ప్రసారాన్ని కేబుల్ టీవీ నిబంధనలు నిషేధిస్తాయి. అధికారి ఇచ్చే వివరణే చూపించాలి. 2025 ఏప్రిల్లో పహల్గాం దాడి తర్వాత ఛానళ్లకు మళ్లీ ఈ నిబంధనే గుర్తుచేశారు.

ఒక్కరోజు ముచ్చట

ప్రభుత్వ వ్యవహారాల గురించిన వార్తల్లో ఏది అబద్ధమో ప్రభుత్వ విభాగమే తేల్చాలని 2023 ఏప్రిల్లో ఐటీ నిబంధనలు సవరించారు. హాస్య కళాకారుడు కునాల్ కామ్రా బొంబాయి హైకోర్టుకు వెళ్లారు. 2024 జనవరి 31న ఇద్దరు న్యాయమూర్తులు చెరో మాట చెప్పారు. తగువు మూడో న్యాయమూర్తికి వెళ్లింది. ఈలోగా మార్చి 20న ప్రభుత్వం ఆ విభాగాన్ని నోటిఫై చేసింది. 21న సుప్రీంకోర్టు ఆపేసింది. సెప్టెంబరు 20న మూడో న్యాయమూర్తి జస్టిస్ చందూర్కర్ ఆ సవరణ చెల్లదన్నారు. కక్షిదారే తీర్పరి కావడం ఏ రచ్చబండ దగ్గరా ఒప్పుకోరు మరి.

మలేసియా: చట్టం చేసినవాళ్లు ఓడిపోయారు

2018 ఏప్రిల్లో, ఎన్నికల ముందర, మలేసియా ప్రభుత్వం ఫేక్ న్యూస్ వ్యతిరేక చట్టం తెచ్చింది. ఆరేళ్ల దాకా జైలు, అయిదు లక్షల రింగిట్ల దాకా జరిమానా. మొదట శిక్ష పడింది డెన్మార్క్ నుంచి వచ్చిన ఒక పర్యాటకుడికి. అక్కడ ఒకచోట కాల్పులు జరిగాక పోలీసులు రావడానికి 50 నిమిషాలు పట్టిందని ఆయన వీడియోలో అన్నాడు. ఎనిమిది నిమిషాలేనన్నారు పోలీసులు. పదివేల రింగిట్ల జరిమానా కట్టలేక నెల రోజులు జైలుకెళ్లాడు. ఇదే చట్టం కింద విచారణ ఎదుర్కొన్న ఇంకొకాయన ప్రతిపక్ష నేత మహతీర్ మహమ్మద్. తన విమానాన్ని పాడుచేశారని ఆయన ఆరోపించాడు. మే 9న ఆయనే ఎన్నికల్లో నెగ్గి ప్రధాని అయ్యాడు. చట్టాన్ని రద్దు చేయబోతే, పాత పాలకుల మెజారిటీ ఉన్న ఎగువసభ ఒప్పుకోలేదు. రెండోసారి 2019 చివర్లో గానీ రద్దు కాలేదు. తీరా 2021 మార్చిలో, మహతీర్ దిగిపోయాక, కోవిడ్ పేరుతో అలాంటిదే ఇంకో ఆర్డినెన్సు వచ్చింది.

పక్కనే సింగపూర్‌ది ఇంకో దారి. అక్కడి 2019 నాటి పోఫ్మా చట్టం కింద ఏ మంత్రయినా ఒక పోస్టు అబద్ధమని నిర్ణయించి, దానిమీద సవరణ పెట్టమని ఆదేశించవచ్చు. పోస్టు అలాగే ఉంటుంది, దాని నెత్తిన ప్రభుత్వం వారి నోటీసు ఉంటుంది. రెండూ చదివి జనమే తేల్చుకోమంటారు. వినడానికి బాగానే ఉంది. కాకపోతే సవరణ పెట్టనన్నవాడికి జైలు, జరిమానా ఉన్నాయి. కోర్టుకు వెళ్లాలంటే ముందు మంత్రికే విన్నవించుకోవాలి. దొంగ ఖాతాలు, బాట్లు వాడి అబద్ధం వ్యాప్తి చేసినవాడికయితే పదేళ్లు.

పారిస్, బెర్లిన్

2018 డిసెంబరులో ఫ్రాన్స్ ఎన్నికల అబద్ధాల మీద చట్టం చేసింది. ఎన్నికలకు ముందు మూడు నెలల్లో ఫిర్యాదు వస్తే జడ్జి 48 గంటల్లో తేల్చాలి, డబ్బిచ్చి వేసే ప్రకటనల వివరాలు వేదికలు బయటపెట్టాలి. కొద్ది నెలలకే, ఓటరుగా నమోదు కండి అని ఫ్రెంచి ప్రభుత్వం వేయబోయిన ప్రకటనను ట్విట్టర్ తిప్పికొట్టింది. మీ చట్టం ప్రకారమే కుదరదంది! మంత్రులు మండిపడ్డాక దారికొచ్చింది.

జర్మనీ చట్టం స్పష్టంగా నేరమనిపించే పోస్టును వేదికలు 24 గంటల్లో తీయకపోతే అయిదు కోట్ల యూరోల దాకా జరిమానా అంది. పూర్తిగా అమలైన తొలివారమే, 2018 జనవరిలో, ఒక నాయకురాలిని ఎగతాళి చేసిన వ్యంగ్య పత్రిక టైటానిక్ ఖాతా మూతపడింది. యంత్రానికి వెక్కిరింత అర్థం కాదు, జరిమానాకు భయపడ్డ ఉద్యోగికీ అర్థం కాదు.

బొమ్మల పోటీ, ఏడేళ్ల జైలు

2022 మార్చి 4న రష్యా ఒక్కరోజులో ఒక చట్టం చేసింది. సైన్యం గురించి తెలిసి అబద్ధం చెబితే 15 ఏళ్ల దాకా జైలు. ఆ నెలలోనే మాస్కోలో ఒక వార్డు సంఘం సమావేశంలో పిల్లలకు బొమ్మల పోటీ పెట్టాలన్న చర్చ వచ్చింది. ఉక్రెయిన్లో పిల్లలు చనిపోతుంటే ఇప్పుడు పోటీలేమిటని సభ్యుడు అలెక్సీ గోరినోవ్ అన్నాడు. జులైలో ఏడేళ్ల శిక్ష పడింది. అబద్ధమేదో సైన్యమే చెబుతుంది, చట్టం తల ఊపుతుంది.

రద్దయిన ఎన్నిక

2024 నవంబరులో రొమేనియా అధ్యక్ష ఎన్నికల తొలి విడతలో కెలిన్ జార్జెస్కు అందరికంటే ముందు నిలిచాడు. సర్వేల్లో ఎక్కడా లేని మనిషి. ప్రచారానికి పైసా ఖర్చు పెట్టలేదని లెక్క చూపించాడు. టిక్‌టాక్‌లో మాత్రం ఎక్కడ చూసినా ఆయనే. నిఘా సంస్థల పత్రాలు బయటపెట్టాక, డిసెంబరు 6న, రెండో విడతకు రెండే రోజుల ముందు, రాజ్యాంగ న్యాయస్థానం ఎన్నికనే రద్దు చేసింది. విదేశాల్లోని రొమేనియన్లు అప్పటికే ఓట్లు వేస్తున్నారు. మళ్లీ ఎన్నిక 2025 మేలో జరిగింది, ఆయన్ను పోటీ చేయనివ్వలేదు. కోర్టు ప్రజాస్వామ్యాన్ని కాపాడిందనేవారూ, కాలరాసిందనేవారూ ఆ దేశంలో ఇప్పటికీ సమానంగా దొరుకుతారు.

లొంగిపోయామంటే నమ్మకండి

స్వీడన్ 2018లో దాదాపు 48 లక్షల ఇళ్లకు ఒక చిన్న పుస్తకం పంచింది. యుద్ధం వస్తే ఏం దాచుకోవాలి, ఎక్కడ తలదాచుకోవాలి వంటివన్నీ ఉన్నాయి. ప్రతిఘటన ఆపేశామని ఎవరు చెప్పినా అది అబద్ధమేనని కూడా అందులో ముందే రాసిపెట్టారు. దాని విలువ నాలుగేళ్లకు ఉక్రెయిన్లో తెలిసింది. 2022 మార్చి 16న హ్యాకర్లు అక్కడి ఒక టీవీ సంస్థ వెబ్‌సైట్లో, ఆయుధాలు దింపేయమని జెలెన్‌స్కీ చెబుతున్నట్టు డీప్‌ఫేక్ పెట్టారు. అలాంటిదొకటి రాబోతోందని ఉక్రెయిన్ నిఘా విభాగం రెండు వారాల ముందే జనానికి చెప్పింది. పైగా మొండేనికి తల అతకలేదు. జనం నవ్వుకున్నారు.

తైవాన్ అయితే నవ్వించడమే పద్ధతిగా పెట్టుకుంది. 2020 ఫిబ్రవరిలో, మాస్కులకూ టాయిలెట్ పేపరుకూ ముడిసరుకు ఒకటేనని, పేపరుకు కరువొస్తుందని పుకారు లేచింది. జనం దుకాణాల మీద పడ్డారు. ప్రధాని సు సెంగ్‌చాంగ్ తన వెనకభాగం ఊపుతున్న కార్టూను బొమ్మ పెట్టి, ఎవరికైనా ఉండేది ఒక్క పిర్రల జతే కదా అన్నాడు. కింద చిన్న పట్టీలో, మాస్కుల సరుకు స్వదేశీ, పేపరు గుజ్జు దక్షిణ అమెరికాది అని రాయించాడు.

మూడు వారాల బోర్డు

అమెరికాలో అబద్ధానికి కూడా రాజ్యాంగ రక్షణ ఉంది. తనకు సైన్యంలో అత్యున్నత పతకం వచ్చిందని కోతలు కోసిన ఒకాయనకు శిక్ష వేయడం కుదరదని 2012లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. అలాంటి దేశంలో 2022 ఏప్రిల్ 27న హోంలాండ్ సెక్యూరిటీ శాఖ తప్పుడు సమాచారాన్ని ఎదుర్కోవడానికంటూ ఒక బోర్డు పెట్టినట్టు ప్రకటించింది. దాని పని ఏమిటో ముందుగా ఎవరికీ వివరించలేదు. ఇది సెన్సారు బోర్డని, ప్రభుత్వం మన నోళ్లు మూయించబోతోందని సోషల్ మీడియా హోరెత్తింది. మూడు వారాలకే బోర్డు పని ఆపేశారు, ఆగస్టు 24న పూర్తిగా ఎత్తేశారు. తమ బోర్డు గురించి కావాలని తప్పుడు ప్రచారం చేశారని ఆ శాఖ వాపోయింది.